ఇంటి నీళ్లకు పీహెచ్ పరీక్ష

నీరు ఆమ్లం వైపు ఉందా, క్షారం వైపు ఉందా, ఎంత మేరకు ఉందనేది చెప్పే అంకె పీహెచ్. 1909లో డెన్మార్క్ రసాయన శాస్త్రవేత్త సోరెన్‌సెన్ కోపెన్‌హేగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో పనిచేస్తూ ఈ కొలతను ప్రవేశపెట్టాడు. సాధారణంగా సున్నా నుంచి 14 దాకా సాగే ఈ కొలతలో 7 తటస్థం, అంతకు తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం. ఇది బడి పుస్తకాల్లో ఉన్నదే. ఇంట్లో పరీక్ష చేసేవారు తరచూ మరిచిపోయేది ఇంకొకటి ఉంది. ఇందులో ఒక్కో అంకెకు తేడా పది రెట్లు. 8 చూపిన నీటికన్నా 6 చూపిన నీటిలో హైడ్రోజన్ అయాన్లు నూరు రెట్లు ఎక్కువ. 0.3 తేడా వచ్చినా రెట్టింపు అయినట్టే. పైగా 7 తటస్థం అనే మాట 25 డిగ్రీల వేడిలోనే సరిగ్గా వర్తిస్తుంది. మే నెలలో జగిత్యాల డాబాల మీది ట్యాంకులో నీళ్లు 40 డిగ్రీలకు కాగినప్పుడు ఆ తటస్థ బిందువే 6.8 దగ్గరికి దిగుతుంది.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాల్లోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ ఒకే ఇంట్లో మూడు రకాల నీళ్లు కనిపించడం మామూలు: ఇంటి బోరు నీళ్లు, నల్లా నీళ్లు, వాటర్ ప్లాంటు నుంచి తెచ్చుకునే క్యాన్ నీళ్లు. 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గరి కోమటిబండలో మొదలైన మిషన్ భగీరథ పథకం నల్లా నీటిని నదులకు, జలాశయాలకు ముడిపెట్టింది. జగిత్యాల జిల్లాకు ఉత్తరాన, ధర్మపురిని ఒరుసుకుంటూ గోదావరి పారుతుంది. శ్రీరాంసాగర్ నుంచి వచ్చే కాకతీయ కాలువ జిల్లా మీదుగానే పోతుంది. సిరిసిల్ల మానేరు ఒడ్డున ఉంది, దానికి దిగువన మధ్య మానేరు జలాశయం ఉంది. ఈ మూడు రకాల నీళ్లకు పీహెచ్ వేర్వేరుగా రావడానికి వేర్వేరు కారణాలున్నాయి. అవి తెలియకుండా అంకె ఒక్కటే చూస్తే భయపడాల్సిన చోట ధైర్యం, ధైర్యంగా ఉండాల్సిన చోట భయం కలుగుతాయి.

బోరు నీటి గుణం కింద ఉన్న రాయిని బట్టి వస్తుంది. ఈ ప్రాంతంలో చాలా మటుకు గ్రానైటు, నైస్ వంటి గట్టి రాళ్లే. భూగర్భ శాస్త్రవేత్తలు దీన్ని కరీంనగర్ గ్రాన్యులైట్ ప్రాంతంలో భాగంగా చెబుతారు. వాన నీరు మన్నులో ఇంకేటప్పుడు వేర్లు, సూక్ష్మజీవులు వదిలే కార్బన్ డయాక్సైడును కలుపుకుని కొంచెం ఆమ్లంగా మారుతుంది. ఆ ఆమ్లం రాతిలోని ఫెల్డ్‌స్పార్‌ను మెల్లగా కొరికి బంకమన్నుగా మారుస్తూ తాను బైకార్బొనేటుగా మారుతుంది. ఏళ్ల తరబడి ఈ పని జరిగిన నీరు బోరులోకి చేరేసరికి సాధారణంగా 7కీ 8.5కీ మధ్య ఉంటుంది. నీటిలో పేరుకున్న ఈ బైకార్బొనేటునే క్షారత అంటారు. క్షారత, పీహెచ్ ఒకటి కావు. పీహెచ్ ఆ క్షణంలో నీరు ఎక్కడుందో చెబుతుంది, క్షారత ఆ నీరు ఆమ్లానికి ఎంత దాకా లొంగకుండా నిలుస్తుందో చెబుతుంది. ఇంటి పరీక్షల్లో వచ్చే సగం తికమక ఈ రెండింటినీ కలిపేయడం వల్లే.

బోరు నీటిని ఎప్పుడు, ఎక్కడ పట్టి చూశారన్న దాన్ని బట్టి కూడా అంకె మారుతుంది. భూమి లోపల ఒత్తిడిలో కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడు పైకి రాగానే గాలిలోకి పోవడం మొదలుపెడుతుంది. ఆ వాయువు పోయేకొద్దీ పీహెచ్ పెరుగుతుంది. మోటరు వేసిన కొద్దిసేపటికి పైపు దగ్గర పట్టిన నీరు 7.2 చూపితే, అదే నీరు ట్యాంకులోకి దూకి, ఒక పగలంతా ఉండి, వంటింటి నల్లాలో దిగేసరికి 7.8 దాటవచ్చు. కాచితే మరికాస్త పెరుగుతుంది. గిన్నె అడుగున తెల్లటి పొర కట్టేది కూడా అప్పుడే, బైకార్బొనేటు విడిపోయి సున్నపు పదార్థంగా పేరుకున్నందువల్ల. అందుకే ఇరుగుపొరుగు ఇళ్ల అంకెలు పోల్చుకునేవారు ముందు నీళ్లు పట్టిన చోటును పోల్చుకోవాలి.

క్యాన్ నీళ్ల కథ దీనికి నేరుగా ఎదురు. వాటర్ ప్లాంటులోని ఆర్వో (రివర్స్ ఆస్మాసిస్) పొర లవణాలను ఆపుతుంది, బైకార్బొనేటు కూడా అందులో ఆగిపోతుంది. కానీ కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడు వాయువు గనుక పొర గుండా నిరాటంకంగా అవతలికి పోతుంది. నీటి పీహెచ్‌ను ఈ రెండింటి నిష్పత్తే నిర్ణయిస్తుంది. బైకార్బొనేటు పదో వంతుకు పడిపోయి వాయువు అంతే ఉంటే పీహెచ్ సరిగ్గా ఒక అంకె దిగుతుంది: 7.5 ఉన్న బోరు నీరు 6.5 అవుతుంది. ఇరవయ్యో వంతుకు పడితే 6.2. కాబట్టి ప్లాంటు నుంచి వచ్చిన నీరు 6 చిల్లర చూపితే అందులో ఎవరో ఆమ్లం కలిపారని కాదు, నీరు చెడిందనీ కాదు. వెడల్పాటి గిన్నెలో పోసి రాత్రంతా గాలికి ఉంచితే అదనపు వాయువు పోయి అంకె కొంత పైకి వస్తుంది. వాన నీరు కూడా కరిగిన కార్బన్ డయాక్సైడు వల్లే 5.6 చుట్టుపక్కల ఉండడం సహజం.

ఇక పరీక్ష సాధనాల సంగతి. అన్నిటికన్నా పాతది, చౌకది కాగితం. లిట్మస్ కాగితం ఎరుపో నీలమో చెబుతుంది తప్ప ఎంత అన్నది చెప్పదు, తాగునీటికి దాంతో పెద్దగా పని లేదు. 1 నుంచి 14 దాకా రంగుల పట్టీ ఉన్న కాగితం ఒక అంకె అటూ ఇటూగా చెబుతుంది. తాగునీటి విషయంలో తేల్చుకోవాల్సింది 6.5కీ 8.5కీ మధ్య కాబట్టి, ఆ చిన్న మేర మీదే రంగులు విడదీసి చూపే కాగితం దొరికితే అదే మేలు. కాగితాన్ని నీటిలో నానబెట్టకూడదు. ఒక్కసారి ముంచి తీసి, డబ్బా మీద రాసిన సెకన్లలోనే, పగటి వెలుగులో రంగు సరిచూడాలి. ట్యూబులైటు కింద ఆకుపచ్చకూ పసుపు పచ్చకూ తేడా మోసపుచ్చుతుంది. క్లోరిన్ ఎక్కువగా ఉన్న నల్లా నీరు కాగితం మీది రంగునే వెలిసిపోయేలా చేస్తుంది. అప్పుడు కనిపించేది పీహెచ్ కాదు, బ్లీచింగ్ పని.

కోరుట్ల, మెట్‌పల్లి పసుపు పండే నేల. అక్కడి ప్రతి వంటింట్లో పీహెచ్ సూచిక ఒకటి ఎప్పటినుంచో ఉంది. దిష్టి తీసే ఎర్రనీళ్లు, కాళ్లకు పూసే పారాణి పసుపులో సున్నం కలిస్తేనే ఎర్రబడతాయి. పసుపులోని కర్క్యుమిన్ ఆమ్లంలో, తటస్థ నీటిలో పసుపు పచ్చగా ఉండి, సుమారు 7.4 దాటాక మారడం మొదలై, 8.6 దగ్గరికి ఎర్రటి గోధుమ రంగులోకి తిరుగుతుంది. కర్క్యుమిన్ నీటిలో సరిగా కరగదు కాబట్టి పసుపును స్పిరిటులో కలిపి, ఆ తేట ద్రవంలో వడపోత కాగితాన్ని ముంచి నీడలో ఆరబెట్టాలి, ఎండలో రంగు వెలుస్తుంది. ఈ కాగితం సున్నపు నీటిని, సబ్బు నీటిని, అద్దకంలో వాడే సోడా నీటిని వెంటనే పట్టేస్తుంది. 7.8 ఉన్న బోరు నీటినీ 8.2 ఉన్న బోరు నీటినీ విడదీయడం మాత్రం దాని వల్ల కాదు, 6 ఉన్న నీటికీ 7 ఉన్న నీటికీ అది ఒకే పసుపు రంగు చూపిస్తుంది. శంఖుపూల కషాయం ఈ విషయంలో ఇంకాస్త నయం: తటస్థ నీటిలో నీలంగా ఉండి, ఆమ్లంలో ఊదా మీదుగా ఎరుపుకు, గట్టి క్షారంలో ఆకుపచ్చకు మారుతుంది. బడి పిల్లలకు నేర్పడానికి ఈ రెంటికీ మించినవి లేవు. తాగునీటి తీర్పుకు ఇవి చాలవు.

చుక్కల మందు కాగితం కన్నా నమ్మదగినది. బ్రోమోథైమాల్ బ్లూ 6కు పసుపు, 7.6కు నీలం, మధ్యలో ఆకుపచ్చ చూపుతుంది. గ్రామాల్లో వాడే క్షేత్ర పరీక్ష కిట్లలో పీహెచ్‌కు ఇలాంటి సూచికల మిశ్రమమే ఉంటుంది. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఇంటింటికీ తిరిగి ఫిల్టర్లు అమ్మేవారిలో కొందరు ఇదే చుక్కలు క్యాన్ నీటిలో వేసి పసుపు రంగు చూపించి “ఇది యాసిడ్” అంటారు, తమ యంత్రం నీటిలో నీలం చూపించి “ఇది ఆరోగ్యం” అంటారు. ఇంకొందరు రెండు కడ్డీల కరెంటు పెట్టెను బోరు నీటిలో ముంచి నీటిని మురికి గోధుమ రంగుకు మారుస్తారు. ఆ గోధుమ రంగు నీటిలోంచి రాలేదు. పెట్టెలోని ఇనుప కడ్డీ కరెంటుకు కరిగి తుప్పుగా తేలింది. లవణాలు దాదాపు లేని ఆర్వో నీటిలో కరెంటు పెద్దగా పారదు గనుక కడ్డీ అంతగా కరగదు, నీరు తేటగా ఉండిపోతుంది. బీడీలు చుట్టి, గల్ఫ్‌లో కష్టపడి కూడబెట్టిన డబ్బు ఇలాంటి ప్రదర్శనలకు పోవడం అన్యాయం.

ఇప్పుడు కొన్ని వందల రూపాయలకే పెన్ను ఆకారపు డిజిటల్ మీటరు దొరుకుతోంది. తెర మీద 7.43 అని రెండు దశాంశాలు కనిపించగానే నమ్మకం కుదురుతుంది. కానీ సరిదిద్దని మీటరు చూపే రెండో దశాంశానికి అర్థం లేదు, ఒక్కోసారి మొదటి అంకెకే ఉండదు. మీటరు కొసన పలుచటి గాజు బుడిపె ఉంటుంది. లోపలి ద్రవానికీ బయటి నీటికీ మధ్య పుట్టే విద్యుత్ తేడాను, 25 డిగ్రీల దగ్గర ఒక్కో పీహెచ్ అంకెకు సుమారు 59 మిల్లీవోల్టులను, యంత్రం అంకెగా మారుస్తుంది. గాజు పాతబడేకొద్దీ ఈ లెక్క జారుతుంది. అందుకే పెట్టెలో 6.86, 4.00, 9.18 అని రాసిన పొడి పొట్లాలు ఇస్తారు. ఒక్కో పొట్లాన్ని దాని మీద చెప్పినంత డిస్టిల్డ్ నీటిలో కలిపి, ముందు 6.86 ద్రవంలో బుడిపె ముంచి, అంకె కదలడం ఆగాక, వెనకున్న చిన్న స్క్రూ తిప్పో బటన్ నొక్కో సరిచేయాలి. బోరు నీరు చూసేటట్టయితే తర్వాత 9.18లో, క్యాన్ నీరు చూసేటట్టయితే 4.00లో మళ్లీ చూడాలి. ఒక ద్రవం నుంచి ఇంకోదానికి పోయే ముందు డిస్టిల్డ్ నీటితో కడిగి మెత్తటి కాగితంతో అద్దాలి, రుద్దకూడదు. వాడిన ద్రవాన్ని తిరిగి సీసాలో పోయకూడదు. 9.18 ద్రవం గాలిలోని కార్బన్ డయాక్సైడు పీల్చుకుని తొందరగా పాడవుతుంది.

ఇన్వర్టరు బ్యాటరీకి కొన్న డిస్టిల్డ్ నీటిలో మీటరు ముంచి, 7 రాలేదని మీటరును తప్పుపట్టడం చాలామంది చేసే పొరపాటు. గాలి తగిలిన డిస్టిల్డ్ నీరు 7 దగ్గర నిలవదు, 6 కన్నా దిగువకు కూడా పోతుంది. పొట్లాలు అయిపోయినప్పుడు మీటరు ఏ మేరకు దారిలో ఉందో చూడడానికి వంటసోడా నీరు పనికొస్తుంది. అప్పుడే కలిపిన వంటసోడా ద్రావణం, సోడా కాస్త ఎక్కువైనా తక్కువైనా, 8.3 దగ్గరే ఉంటుంది. మీటరు అక్కడ 7.5 చూపితే బోరు నీటి మీద అది చెప్పే మాట నమ్మనక్కర్లేదు. వాడాక బుడిపెను ఎండనివ్వకూడదు, డిస్టిల్డ్ నీటిలో నానబెట్టి ఉంచకూడదు. పొటాషియం క్లోరైడు ద్రావణపు చుక్కలు మూతలో వేసి ఉంచాలి. గట్టి నీళ్ల వల్ల బుడిపె మీద తెల్లపొర పడితే కాసేపు వెనిగర్‌లో ఉంచి కడగాలి.

క్యాన్ నీటి పీహెచ్ కొలవడం అన్నిటిలోకీ కష్టం, దీని గురించి మీటర్ల పెట్టెల మీద ఏమీ రాయరు. ఆ నీటిలో లవణాలు చాలా తక్కువ కాబట్టి గాజు బుడిపెకు అందే విద్యుత్ సంకేతం నిలకడగా ఉండదు. అంకె 6.9 దగ్గర మొదలై, 6.6, 6.4 అంటూ నిమిషాల తరబడి జారుతూనే ఉంటుంది. కాగితం పెడితే కాగితం మీది రంగు పదార్థమే ఆ బలహీనమైన నీటిని తన వైపు లాగేస్తుంది. ఊపిరి తగిలినా, చెంచాతో గట్టిగా కలిపినా అంకె మారుతుంది. చేయగలిగిందల్లా గ్లాసు నిండా నీళ్లు తీసుకుని, ఆ నీళ్లతోనే బుడిపెను రెండు మూడు సార్లు కడిగి, ముంచి, కదపకుండా ఓపిక పట్టి, వచ్చిన అంకెను అర అంకె అటూ ఇటూగా తీసుకోవడమే.

అంకె చేతికొచ్చాక దాన్ని ఏం చేసుకోవాలి? భారత తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500, 2012 సవరణ ప్రకారం, పీహెచ్ 6.5 నుంచి 8.5 మధ్య ఉండాలి, సడలింపు లేదు. అదే ప్రమాణం కరిగిన లవణాలకు లీటరుకు 500 మిల్లీగ్రాములు మేలని చెప్పి, వేరే నీరు లేకపోతే 2000 దాకా ఒప్పుకుంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పీహెచ్‌కు ఆరోగ్యం ప్రాతిపదికగా హద్దు పెట్టలేదు. నిమ్మరసం పీహెచ్ 2 చిల్లర, కడుపులోని ఆమ్లానిది 1.5 నుంచి 3.5. 6.3 ఉన్న నీరు తాగితే ఒంటికి ఆమ్లం ఎక్కదు, 9 ఉన్న నీరు తాగితే రక్తం మారదు. రక్తాన్ని 7.35కీ 7.45కీ మధ్య ఊపిరితిత్తులు, మూత్రపిండాలు కాపాడుతుంటాయి. ‘ఆల్కలైన్ వాటర్’ పేరుతో ఎక్కువ ధర పెట్టడానికి పీహెచ్ అంకె కారణం కాజాలదు. క్యాన్ నీటి అంకె పెంచాలని రోజూ వంటసోడా కలుపుకోవడం బీపీ ఉన్నవారికి అనవసరపు సోడియం.

హద్దులు ఎందుకున్నాయంటే, పీహెచ్ మిగతా పనులను నడిపిస్తుంది కాబట్టి. అందులో ముఖ్యమైనది క్లోరిన్. నీటిలో కలిపిన క్లోరిన్‌లో క్రిములను బలంగా చంపేది హైపోక్లోరస్ ఆమ్లం రూపం. పీహెచ్ 7 దగ్గర ముప్పాతిక వంతు ఆ రూపంలో ఉంటే, 7.5 దగ్గర సగం, 8 దగ్గర పావు, 8.5కు పదో వంతు మాత్రమే మిగులుతుంది. బోరు నీటి ట్యాంకులో బ్లీచింగ్ పౌడర్ వేసేవారు ఇది గుర్తుంచుకోవాలి, బ్లీచింగ్ పౌడరే నీటిని కొంత క్షారం వైపు నెడుతుంది కూడా. పీహెచ్ 8 లోపు ఉంచి, అర గంట ఆగి, అప్పటికీ లీటరుకు అర మిల్లీగ్రాము క్లోరిన్ మిగిలి ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. తక్కువ పీహెచ్ వల్ల వచ్చే చిక్కు లోహంతో. ఆర్వో నీరు ఆమ్లం వైపు మొగ్గి ఉంటుంది, అడ్డుకునే క్షారత దానికి ఉండదు. అలాంటి నీటిని రాగి బిందెలో రోజుల తరబడి నిల్వ ఉంచితే రాగి కరుగుతుంది. రాగి బిందెలో పోసుకోవాలనుకుంటే బోరు లేదా నల్లా నీరే దానికి తగినది, క్యాన్ నీటికి స్టీలు మంచిది.

పటికతో బురద నీటిని తేర్చేటప్పుడు కూడా క్షారత లెక్కలోకి వస్తుంది: పటిక క్షారతను తిని పీహెచ్‌ను దించుతుంది, చిల్లగింజ అరగదీస్తే అంకె దాదాపు కదలదు.

పీహెచ్ చెప్పలేనివి అంతకన్నా ముఖ్యం. తెలంగాణ గట్టి రాతి నేలల్లో తరతరాల్ని వంచిన ఫ్లోరైడు రంగు, రుచి, వాసన లేనిది. దాని హద్దు లీటరుకు 1 మిల్లీగ్రాము, గత్యంతరం లేకపోతే 1.5. నీరు క్షారంగా ఉండి, బైకార్బొనేటు ఎక్కువై, కాల్షియం తగ్గినప్పుడు రాతి నుంచి ఫ్లోరైడు ఎక్కువగా కరుగుతుంది. కాబట్టి పీహెచ్ 8 దాటిన, సబ్బు బాగా నురగనిచ్చే బోరు నీటిని ‘మెత్తని నీళ్లు’ అని మెచ్చుకునే ముందు ఫ్లోరైడు పరీక్ష తప్పనిసరి. అలాగని 7.3 ఉన్న నీటిలో ఫ్లోరైడు లేదని అర్థం కాదు. ఎరువుల నుంచి, మురుగు గుంతల నుంచి దిగే నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటినా, నీటిలో విరేచనాల క్రిములున్నా పీహెచ్ కదలదు.

అద్దకం పని జరిగే సిరిసిల్లలో పీహెచ్ అంకెకు వృత్తిపరమైన విలువ కూడా ఉంది. నూలుకు రియాక్టివ్ రంగులు పట్టాలంటే తొట్టిలో సోడా వేసి పీహెచ్‌ను 11 దగ్గరికి తేవాలి. పాలిస్టరుకు డిస్పర్స్ రంగులు ఎక్కాలంటే ఎసిటిక్ ఆమ్లంతో 5 చుట్టుపక్కల ఉంచాలి. తొట్టికి వాడే నీటిలో క్షారత ఎక్కువుంటే ఆమ్లం లెక్క తప్పుతుంది, నూలు రంగు ఒక లాటుకూ ఇంకో లాటుకూ కలవదు. వాడిన నీటిని బయటికి వదిలేటప్పుడు 5.5కీ 9కీ మధ్య ఉండాలని దేశంలోని సాధారణ విడుదల ప్రమాణం. ఏ పట్టణంలోనైనా మురుగు కాలువ దగ్గరి బోరులో ఏళ్లుగా 7.5 ఉన్న అంకె ఒక్కసారిగా 9కి ఎక్కినా 6కి దిగినా నీటి మార్గంలో ఏదో కలిసిందని అర్థం చేసుకోవాలి. ఇంటి పీహెచ్ పరీక్ష నిజంగా అక్కరకొచ్చేది ఇలాంటప్పుడే: ఒక్కసారి చూసిన అంకె చెప్పనిది, నెలనెలా రాసిపెట్టిన అంకెలు చెబుతాయి.

జగిత్యాల పొలాల్లో, మామిడి తోటల్లో మందు పిచికారీకి కలిపే నీరు కూడా చూడదగినదే. మలాథియాన్ వంటి కొన్ని మందులు క్షారపు నీటిలో విడిపోయి బలం కోల్పోతాయి, కలిపి రాత్రంతా ఉంచిన డ్రమ్ములో ఈ నష్టం ఎక్కువ. చెరువులో పీహెచ్ పగటిపూట నాచు కార్బన్ డయాక్సైడును వాడుకోవడంతో 9 దాకా ఎక్కి, తెల్లవారుజాముకు దిగుతుంది. చేపలు పెంచేవారు రెండు వేళల్లోనూ చూడాలి. మట్టి పీహెచ్ వేరే సంగతి: ఒక వంతు మట్టికి రెండున్నర వంతుల నీరు కలిపి చూస్తారు, 8.5 దాటితే చౌడుగా అనుమానిస్తారు.

ఇంటి పరీక్షలో తేడా కనిపించినా, ఫ్లోరైడు అనుమానం ఉన్నా తర్వాత పోవాల్సింది గ్రామీణ నీటి సరఫరా విభాగపు ప్రయోగశాలకు. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ కింద ఊళ్లలో మహిళలకు క్షేత్ర పరీక్ష కిట్లతో శిక్షణ ఇచ్చే ఏర్పాటుంది. పీహెచ్‌తో పాటు క్షారత, కాఠిన్యం, ఫ్లోరైడు, నైట్రేటు, మిగులు క్లోరిన్ వంటివి వాటితో చూడవచ్చు. ప్రయోగశాలకు పంపే నీటిని, మోటరు వేసి కొన్ని నిమిషాలు వదిలాక, అదే నీటితో మూడుసార్లు కడిగిన ప్లాస్టిక్ సీసాలో గాలి మిగలకుండా మూతి దాకా నింపాలి. క్రిముల పరీక్షకు ప్రయోగశాల ఇచ్చే శుద్ధి చేసిన సీసానే వాడి, చల్లగా ఉంచి, అదే రోజు అందించాలి. పీహెచ్ మాత్రం బోరు దగ్గరే చూసి, ఆ అంకెను, నీటి వేడిని, వేళను సీసా మీద రాయాలి. సీసా ప్రయోగశాలకు చేరేసరికి ఆ అంకె మారిపోతుంది.